మాల్ దాటాక మూడో చీలిక

చిన్ననాటి దోస్తు సత్తయ్య ఫోన్ చేసేసరికి నేను తుర్కయాంజాల్‌లో మా అపార్ట్‌మెంట్ బాల్కనీలో కూర్చుని రెండో చాయ్ తాగుతున్నాను. కింద షేర్ ఆటోలవాళ్లు ఎల్బీనగర్, ఎల్బీనగర్ అని గొంతు చించుకుంటున్నారు. రిటైరైన బడిపంతులుకు పొద్దున పూట ఇంతకన్నా పని ఉండదు. "మాధవా, అక్క పోయిందిరా" అన్నాడు. ఏ అక్క అని నేను అడగలేదు. వాడికి ఉన్నది ఒక్కతే అక్క, యాదమ్మ. "పుట్టింటి చీర తీస్కపోవాలె. మధ్యాన్నం దాంక ఆగుతరట. నాకు దారి రాదు గదా, నువ్వయితే సక్కగ తీస్కపోతవ్. జర కారు తియ్యి" అన్నాడు. సరే అన్నాను. ఇంకొక్క మాట మాట్లాడితే గొంతు నన్ను పట్టిచ్చేది.

మా దిక్కు పెళ్లయిన ఆడమనిషి కన్నుమూస్తే పుట్టింటివాళ్లు తెచ్చిన చీర కప్పందే పాడె లేవదు. అన్నదమ్ములు వచ్చేదాకా ఊరు ఎదురుచూస్తుంది, కానీ ఎంతసేపని చూస్తుంది. సత్తయ్యకు దారులు గుర్తుండవన్నది ఇబ్రహీంపట్నంలో మా ఈడువాళ్లందరికీ తెలిసిన సంగతే. పెళ్లిళ్లకు పేరంటాలకు ఎవరో ఒకరి వెంట పోతాడు. ఎల్బీనగర్ దాటితే కొడుకు చొక్కా పట్టుకుంటాడు. "నా తల్కాయల దిక్కులు ఉండయి" అని వాడే నవ్వుతూ చెప్పుకుంటాడు. అది పుట్టుకతో వచ్చిన లోపం కాదు. నేను అంటగట్టింది. ఒక్క అబద్ధంతో అంటగట్టాను, ఇన్నేళ్లు వాడు మోశాడు. నా చిన్నతనం గురించి ఎన్నెన్నో రాసుకుంటూ వచ్చి, ఈ ఒక్కటి మాత్రం రేపు, ఎల్లుండి అని జరుపుతూ వచ్చింది అందుకే.

మా ఇద్దరి ఇళ్లకూ మధ్య నాలుగు గల్లీలే గాని వాసనలు వేరు. మా ఇంట్లో వడ్లు, బర్రె పాలు, బాపు తలకు పెట్టుకునే ఆముదం. వాళ్ల ఇంటికి పోతే గడప దగ్గరే ఎండు చేపల వాసన ఎదురొచ్చేది. వాళ్లది చెరువు మీద బతికే కుటుంబం. తండ్రి తొందరగా పోతే తల్లి బుచ్చవ్వ ఇద్దరు పిల్లల్ని చేపల గంప మీదే సాకింది. వాకిట్లో దడి మీద వలలు ఆరేసి ఉండేవి. ఆమె కాలి బొటనవేలికి వల చిక్కించుకుని, తెగిన వలకళ్లు అల్లుతూ, మాతో ముచ్చట్లు చెబుతూ, పొయ్యి మీద పులుసు ఉడుకుతున్నదో అడుగంటుతున్నదో ముక్కుతోనే కనిపెట్టేది. దించే ముందు మెంతిపొడి చల్లడానికి మాత్రం లేచేది, ఆ పని ఇంకొకరి చేతికి ఇచ్చేది కాదు. మా అమ్మ వాళ్లింట్లో తినొద్దనేది. నేను తినేసి, చెయ్యి మూడుసార్లు కడుక్కుని, అయినా దొరికిపోయేవాణ్ణి. ఆ పులుసు ముద్ద తిన్న నోటితోనే తరువాత ఆ ఇంటికి అన్యాయం చేశాను.

మా బాపు కొత్తగా మోటార్‌సైకిల్ కొన్నాడు. పాత ధోవతి ముక్కతో దాన్ని తుడిచాకే తన మొహం కడుక్కునేవాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకునేవాడు. అయితే ఆయన మనసు మాత్రం ఎడ్లబండి దగ్గరే ఆగిపోయింది. పది బండ్లు కట్టుకుని జాతరకు పోయిన ముచ్చట మొదలుపెడితే చుట్ట ఆరిపోయేదాకా ఆపేవాడు కాదు. వరసలో ముందు బండి తోలేవాడికి ఒక బాధ్యత ఉండేదట. దారి చీలిన చోటల్లా వాడు దిగి, తంగేడు మండ విరిచి పోకూడని దారికి అడ్డంగా వేసి, గాలికి కదలకుండా దాని మీద రాయి పెట్టాలి. వెనకబడిన బండ్లు ఆ మండను చూసి రెండో దారి పడతాయి. "మండ ఎయ్యనోడు ముందల పోవద్దురా" అనేవాడు బాపు. నేను ఊఁ కొట్టి తాళంచెవి వైపు చూసేవాణ్ణి.

యాదమ్మక్కను దేవరకొండ అవతల ఒక ఊరికి ఇచ్చారు. కొడుకు శ్రీనుకు మూడో ఏట పుట్టెంటికలు తీయాలని అత్తగారివాళ్లు నిర్ణయించారు, ఊళ్లో కాదు, వాళ్ల ఇలవేల్పు ఉన్న గుట్ట మీద. పిల్లవాణ్ణి మేనమామ ఒడిలో కూర్చోబెట్టాలి, మొదటి కత్తెర మేనమామ పెట్టాలి, ఆ తరువాతే మంగలి చెయ్యి పడాలి. గుండు మీద నీళ్లు పోశాక తొడిగే బట్టలూ మేనమామ తేవాలి. అక్క ముందే వచ్చి తమ్ముడి చేత ఒట్టు వేయించుకుంది. "తమ్మీ, అందరికంటే ముందుగాల నువ్వు ఉండాలె. తండ్రి లేని ఇల్లు, మీ దిక్కు నుంచి ఎవడొస్తడే అని మా అత్త దినాం అంటది" అన్నది. సత్తయ్య ఒక్కడే అయితే ముందు రోజే బస్సెక్కి హాయిగా చేరేవాడు. "బస్సెందుకురా, బండ్ల మీద పోదం, అటునుంచి అటే సాగర్ పోయి డ్యాం చూసొద్దం" అన్నది నేను. బాపును బతిమాలి తాళంచెవి సంపాదించాను. మెయిన్ రోడ్డు మీద మెకానిక్ షెడ్డు నడిపే ఖాజా, నాలుగు బండ్ల సామాన్లతో తయారుచేసుకున్న తన బండి తీశాడు. సత్తయ్యకు ఉన్నది చేపల గంప కట్టి తిప్పే పాత మోపెడ్. రాత్రంతా నిమ్మచెక్కలు పెట్టి తోమానన్నాడు గాని వాసన పోలేదు.

తెల్లారకముందే బయల్దేరాం. యాచారం దాటేసరికి పొద్దు పొడిచింది, జొన్న చేల మీద మంచు ఇంకా ఉంది. అంత సంబరం తరువాత నా జీవితంలో ఎన్నిసార్లు దొరికిందో లెక్కపెడితే ఒక చేతి వేళ్లు చాలు. మాల్ అనే ఊళ్లో ఆగి చాయ్ తాగాం. అక్కడినుంచి అడ్డదారి ఉందనీ, మేనత్త ఊరికి బాపుతో పోయాననీ, కళ్లకు గంతలు కట్టినా పోగలననీ నేను కోతలు కోశాను. ఆ అడ్డదారి మమ్మల్ని తీసుకుపోయి ఒక రైతు కళ్లంలో వదిలింది. జొన్నచొప్ప మధ్య మూడు బండ్లు తిప్పుకోలేక తిప్పలు పడుతుంటే, ఒక ముసలమ్మ "ఇది రోడ్డు గాదు కొడుకా, మా కళ్లం" అని నవ్వి, చల్ల పోసి పంపింది. ఇంకో దారి పట్టాం. వాగులో ఇసుకకు చక్రాలు దిగబడి ముగ్గురం కలిసి ఒక్కో బండి లాగాం. ఇంకో దారి పట్టి, ఈసారి తప్పదు అనుకుంటూ మలుపు తిరిగితే, పొద్దున చాయ్ తాగిన హోటల్ ముందే తేలాం. హోటలాయన గిన్నె పట్టుకుని మమ్మల్ని పైనుంచి కిందికి చూసి, "మల్ల ఒచ్చిండ్రా" అన్నాడు.

సత్తయ్యకు అక్క మొహం కళ్లలో తిరుగుతున్నట్టుంది. నన్ను ఒక్క మాట అనకుండా, బల్ల మీద కూర్చున్న ముసలాయన దగ్గరికి పోయి దారి అడిగాడు. ఆయన రెండు చీలికల గుర్తులు చెప్పి, "మీలో ఎవ్వలు ముందల పోయిండ్రు ఇందాక" అన్నాడు. సత్తయ్య నన్ను చూపించాడు. నేను పటేలు కొడుకునని ఆరా తీసి, మోపెడ్ మీది చేపల వాసన పట్టి, "పటేలు కొడుకుకు తెల్వని దారి చాపలాయనకు ఎరుకాయె" అని ఆయన నవ్వితే, హోటలంతా నవ్వింది. ఖాజా నవ్వాడు. సత్తయ్య నవ్వలేదు, నిజం చెప్పాలి. కానీ నాకు ఆ క్షణాన వాడి మీదే కడుపు మండింది.

మోపెడ్ ఎలాగూ వెనకబడుతుంది. "మీరు పోండి, నేను మెల్లగ వస్త, ఆగుకుంట ఉంటే అందరికీ ఆలస్యమైతది. ఒకవేళ నాకు పొద్దు పోతే అక్కకు చెప్పుండ్రి, వస్తున్నడని" అన్నాడు సత్తయ్య. చీలికల దగ్గర బాపు చెప్పినట్టు తంగేడు మండ వేస్తానని నేనే మాట ఇచ్చాను. మొదటి చీలిక దగ్గర వేశాను. రెండో దాని దగ్గర వేశాను, రాయి కూడా పెట్టాను. ముసలాయన మూడో చీలిక సంగతి చెప్పలేదు, కుడికి కొత్తగా ఎర్రమట్టి మొరం పోసి వేసిన రోడ్డుతో పుట్టిన చీలిక అది, ఆయనకు తెలియదు. అక్కడ మేకల మంద తోలుకుపోతున్న ఒకతను ఎడమకు పోతే గుట్ట అన్నాడు. ఖాజా ఎడమకు తిరిగి ముందుకు పోయాడు. నేను దిగి మండ విరిచాను. రాయి కూడా చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు హోటల్లో నవ్వు గుర్తొచ్చింది. దారి అంత బాగా అడిగి తెలుసుకునేవాడు కదా, వాణ్ణే తిప్పలు పడనియ్యి అనుకున్నాను. మండను కాలువలోకి విసిరి బండెక్కాను. పావుగంట తిరిగి, చెమటలు కక్కుతూ వస్తాడు, నేనూ నవ్వుతాను, చెల్లుకు చెల్లు అనుకున్నాను. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉందేమోనని ఇన్నేళ్లు నాలో నేను వెతుక్కున్నాను. లేదు.

గుట్ట మీద మమ్మల్ని చూడగానే అక్క మెట్ల దాకా పరుగెత్తుకొచ్చింది. "తమ్ముడేడి" అన్నది. "వెనుకనే వస్తున్నడక్కా, మోపెడ్ గదా" అన్నాను. పావుగంట అయింది, గంట అయింది. మేము తీసుకున్న దారి కన్నా మొరం రోడ్డు వెడల్పు, తిన్నగా పోతుంది, ఎవరైనా దాన్నే పడతారు. ఆ సంగతి నాకు గుట్ట మీద కూర్చున్నాక తట్టింది. "నేను పోయి చూసొస్త" అని ఖాజా లేచాడు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. "ఎందుకురా, వచ్చేస్తడు" అన్నాను. వాడు పోతే ఆ చీలిక దగ్గర మండ లేకపోవడం చూస్తాడు. మండను విసిరేయడం కుర్రతనం అనుకుందాం. ఖాజా చెయ్యి పట్టుకోవడానికి నాకు ఏ పేరూ దొరకలేదు.

అక్క అత్తగారు మొదట గొణిగింది, తరువాత అందరికీ వినబడేట్టు అన్నది, "చెప్పలేదా నేను, ఆ ఇంటి నుంచి ఎవడొస్తడని." మంగలి కత్తి నూరడం మూడోసారి. మంచి గడియ దాటిపోతున్నదని పెద్దలు తొందరపెట్టారు. చివరికి శ్రీనును యాదమ్మక్క బావగారి ఒడిలో కూర్చోబెట్టారు, ఆయనే మొదటి కత్తెర పెట్టాడు. పిల్లవాడు గుక్కపట్టి ఏడ్చాడు. అక్క వాడివైపు చూడలేదు, మెట్లవైపు చూస్తూ నిలబడింది. నేను ఆమె వెనకే ఉన్నాను. ఒక్క మాట చెప్పి ఉంటే, నాదే తప్పక్కా అని ఉంటే, తమ్ముడి మీద ఆమెకు కోపం ఉండేది కాదు.

పొద్దు వాలాక సత్తయ్య వచ్చాడు. పెట్రోలు అయిపోయి మోపెడ్‌ను తోసుకుంటూ వచ్చాడు. నెత్తి నిండా దుమ్ము, బట్టల సంచి మాత్రం దుమ్ము పడకుండా చొక్కా లోపల పెట్టుకున్నాడు. "తాగి ఏడ పడ్డవ్" అని అడిగింది అక్క. వాడు ఆ రోజుకు కల్లు కూడా ముట్టి ఎరగడు. "దారి తప్పిందక్కా" అన్నాడు. "మాధవకు తప్పలే, ఖాజాకు తప్పలే, నీకొక్కనికే తప్పిందా?" అందరూ నావైపు తిరిగారు. "మండ ఏసినవ్ గదా మాధవా" అన్నాడు ఖాజా. "ఏసిన. రాయి గూడ పెట్టిన. మ్యాకలు మేసినట్టున్నయ్" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. సత్తయ్య నెత్తి మీది దుమ్ము దులుపుకుంటూ, "అవ్, మ్యాకల మంద దూరంగ కనబడ్డది. మండ కొంచెం మిగిలి ఉన్నదేమో, నేనే సక్కగ చూడలే" అన్నాడు. నా అబద్ధంలో ఉన్న కంతను వాడే పూడ్చాడు. వాడు అందించిన బట్టల సంచిని అక్క వాడి చేతికే తిరిగిచ్చింది. "తీస్కపో. నా కొడుక్కు మేనమామ లేడు" అన్నది.

సాగర్ పోలేదు. మర్నాడు బుచ్చవ్వ ఇంట్లో తింటున్నాం. సత్తయ్య జరిగిందంతా చెప్పి చెయ్యి కడుక్కోవడానికి బయటికి పోయాడు. ఆమె వల మీదినుంచి తల ఎత్తి, "తంగేడు మండనే ఏసినవా బిడ్డా" అని అడిగింది. అవ్ అన్నాను. "తంగేడు మ్యాకలు ముట్టయి గదా" అన్నది. బాపు ఎప్పుడూ తంగేడునే ఎందుకు విరిచేవాడో నాకు అప్పుడు అర్థమైంది. బుచ్చవ్వ ఇంకేమీ అడగలేదు. లేచివచ్చి నా పళ్లెంలో ఇంకో చేప ముక్క వేసి మళ్లీ వల దగ్గర కూర్చుంది. కొడుక్కు చెబితే వాడు నా మీదికి వస్తాడని, పెద్దదిక్కు లేని ఇల్లు పటేలింటితో పగ పెట్టుకుని బతకలేదని ఆమె అనుకుని ఉంటుంది. నేను అలా అనుకుని సరిపెట్టుకున్నాను. ఆ తరువాత ఆ ఇంటికి పోవడం తగ్గించాను.

యాదమ్మక్క తమ్ముడి పెళ్లికి రాలేదు. బుచ్చవ్వ పోయినప్పుడు వచ్చి, ఏడ్చి, తమ్ముడి ఇంట్లో మంచినీళ్లు కూడా తాగకుండా పోయింది. శ్రీను పెళ్లిలో మేనమామ చేయాల్సినవన్నీ వేరేవాళ్లు చేశారు. సత్తయ్య మోపెడ్ అమ్మేశాడు. తనకు దారి చూసే తెలివి లేదని, అందుకే అక్క దూరమైందని నమ్మాడు. మార్కెట్లో చేపలు కోసే బండ దగ్గర కూర్చుని ఆ మాట ఎవరికైనా చెబుతుంటే నేను చాలాసార్లు విన్నాను. అక్క ఊరు ఎంత దూరం, రెండు గంటల దారి. ఏ ఆదివారమైనా పోయి చెప్పి ఉండొచ్చు. నౌకరీ అన్నాను, పిల్లల పెళ్లిళ్లు అన్నాను, బాపు పరువు అన్నాను. బాపు పోయాక ఆ సాకు కూడా పోయింది, అయినా నేను అక్క దగ్గరికి పోలేదు. బడిలో పిల్లలకు నిజం చెప్పమని ముప్పయ్యేళ్లు పాఠం చెప్పాను.

మొన్న ఆ ఫోన్ వచ్చాక ఇబ్రహీంపట్నంలో కారు ఆపితే సత్తయ్య చీర కవరు ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చున్నాడు. నేను ఫోన్‌లో దారి పెట్టాను. "గది బంద్ చెయ్యి, నువ్వున్నంక అదెందుకు" అన్నాడు. బంద్ చేశాను. యాచారం దగ్గర మేము మంచులో దాటిన చేలు ఇప్పుడు ఫార్మా సిటీకని తీసుకున్న భూములు. అప్పుడు దారి తప్పితే ఎవరో ఒకరు నవ్వేవాళ్లు, తిట్టేవాళ్లు, చల్ల పోసేవాళ్లు. ఇప్పుడు ఫోన్‌లో గొంతు ఎన్నిసార్లు తప్పినా కసురుకోదు, వెనక్కి తిరగమని ఒకే తీరుగా చెబుతుంది. నాలాంటివాడికి ఆ కసురే కావాల్సింది. మాల్ దాటాను. మూడో చీలిక ఇప్పుడు లేదు, అక్కడ వెడల్పు రోడ్డు, నీలం బోర్డు ఉన్నాయి. అయినా ఆ చోటు నాకు తెలుసు. కారు పక్కకు ఆపాను.

"సత్తీ, ఆ దినం నేను మండ ఎయ్యలే" అన్నాను. వాడికి అర్థం కాలేదు. "మ్యాకలు మేసినయ్ గదా" అన్నాడు. "మ్యాకలు ఏం జెయ్యలే. విరిచిన గాని కాలువల పారేసిన. హోటల్ల నీ ముంగట నన్ను జూసి నవ్విండ్రని కోపమొచ్చింది." వాడు చీర కవరును ఒళ్లోకి ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. లారీలు పోతుంటే కారు ఊగుతోంది. "అక్కకు చెప్పినవా" అన్నాడు. లేదన్నాను. "అవ్వకు?" "అవ్వ అప్పుడే కనిపెట్టింది." వాడు తల తిప్పుకున్నాడు. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. "బండి తియ్యి" అన్నాడు. "ఆలస్యమైతే వాళ్లు పాడె ఎత్తుతరు."

టెంట్ కింద జనం మా కోసమే ఎదురుచూస్తున్నారు. నలభై ఏళ్లకు దగ్గరపడ్డ శ్రీను లేచి వచ్చి, మొహం తప్ప పరిచయం లేని మనిషిని "మామా" అని పట్టుకున్నాడు. సత్తయ్య చీర మడత విప్పి అక్క మీద కప్పాడు. కాళ్ల దగ్గర చెదిరితే సర్దాడు, మళ్లీ సర్దాడు. ఒంగి ఆమె చెవి దగ్గర, "అక్కా, టైముకే వచ్చిన" అన్నాడు. నేను టెంట్ గుంజ పట్టుకుని నిలబడ్డాను. ఆమెకు చెప్పాల్సిన మాట నా దగ్గరే మిగిలిపోయింది, ఇక ఎవరికి చెప్పినా అది ఆమెకు చెప్పినట్టు కాదు.

అంతా అయ్యాక, స్నానాలు చేసి అందరూ వాకిట్లో కూర్చున్నప్పుడు, శ్రీను దగ్గరికి పోయి, "నీకొకటి చెప్పాలె కొడుకా" అని మొదలుపెట్టాను. సత్తయ్య వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోయాడు. "ఇయ్యాల అక్క దినం" అన్నాడు. "నీ బరువు దింపుకునే దినం గాదు. పదకొండు దినాలు అయినంక నేనే చెప్త, నా నోటితోని చెప్త." సరే అన్నాను. కారు తాళం తీసి, పోదామా అన్నాను. వాడు తువ్వాలు భుజం మీద వేసుకుని బస్ స్టేజీ వైపు చూశాడు.

"నువ్వు పో" అన్నాడు. "నాకు దారి తెల్సు."

వెనక్కి చూడకుండా, ఎవరినీ అడగకుండా నడిచిపోయాడు. బస్సు వచ్చి వాణ్ణి ఎక్కించుకుని పోయేదాకా నేను అక్కడే నిలబడ్డాను.